నూట ఇరవై ఆరో సెన్సర్

మన రాష్ట్రంలో సెన్సర్ల అమ్మకాలు ఏడాదికి పద్దెనిమిది శాతం చొప్పున పెరుగుతున్నాయని ఎవరో లెక్కగట్టారు. లెక్కగట్టినవాళ్లు అక్కడితో ఊరుకోవచ్చు. పేపర్లో వేయించారు. పేపరువాళ్లు దాన్ని ఏ ఏడో పేజీలోనో పెళ్లిసంబంధాల పక్కన వేసి ఊరుకోవచ్చు. మొదటి పేజీలో వేశారు. పరిశ్రమల మంత్రిగారు కాఫీ తాగుతూ దాన్ని చదివారు. మర్నాడు సభలో, "పద్దెనిమిదేమిటి? ముప్పై ఆరు చేసి చూపిస్తాం" అన్నారు. చప్పట్లు మోగాయి. చప్పట్లు మోగాక మాట వెనక్కి తీసుకునే అలవాటు మన దేశంలో లేదు.

సెన్సర్ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. వేడినో, తేమనో, అదురునో పసిగట్టి అంకె చూపించే చిన్న పరికరం. ఫ్యాక్టరీలు పెరిగితే వాటి అమ్మకాలూ పెరుగుతాయి. ప్రభుత్వం దీన్ని తిరగేసి చదువుకుంది. సెన్సర్లు ఎక్కువ కొంటే ఫ్యాక్టరీలే వచ్చి పడతాయంది. ఇంటినిండా ఉయ్యాలలు కడితే పిల్లలు వాళ్లే పుడతారన్నట్టు.

ఆ విధంగా తలసరి సెన్సర్ల పథకం వచ్చింది. ఏ ఫ్యాక్టరీలోనైనా ఒక్కొక్క పనివాడికి మూడు సెన్సర్ల చొప్పున ఉండాలి. లేకపోతే లైసెన్సు కొత్తది ఇవ్వరు.

మాది మండపేట దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు. నేను అందులో పదిహేనేళ్లుగా గుమాస్తాని. పేరు సుగుణ. నా పేరుకీ నా నోటికీ ఏ సంబంధమూ లేదని మా ఓనరు బుల్లిరెడ్డి గారి అభిప్రాయం. మిల్లులో నాతో కలిపి నలభై రెండు మందిమి. అంటే నూట ఇరవై ఆరు సెన్సర్లు కావాలి.

"నూట ఇరవై ఆరా! మిల్లులో ఎలకలు కూడా అన్ని లేవు కదమ్మా" అన్నారు బుల్లిరెడ్డి గారు.

"ఎలకల మీద ఇంకా పథకం రాలేదండి" అన్నాను.

కొనడం మొదలుపెట్టాం. ఊళ్లో అందరూ కొంటున్నారు కాబట్టి అందరూ అమ్మడం మొదలుపెట్టారు. చెప్పుల షాపులో రెండు జతలు కొంటే ఒక సెన్సర్ ఉచితం. ఎరువుల కొట్టులో యూరియా కావాలంటే సెన్సర్ కూడా తీసుకోవాల్సిందే. మేం బాయిలరుకి పెట్టాం, గేటుకి పెట్టాం, ఓనరు గారి కుర్చీకి పెట్టాం. టీ ఫ్లాస్కుకి పెట్టినది టీ వేడిగా ఉందని రోజూ మూడు పూటలా జిల్లా కేంద్రానికి కబురు పంపేది. అయినా ఎనభై దాటలేదు. మిగిలినవన్నీ తేమ సెన్సర్లు తెచ్చి డ్రయ్యరు షెడ్డులో బిగించాం.

మా మిల్లుకి ప్రాణం ఆ షెడ్డులోనే ఉంది. ధాన్యాన్ని నానబెట్టి, ఉడికించి, అక్కడ ఆరబెడతాం. తేమ కాస్త ఎక్కువుంటే బియ్యం ముక్కిపోతుంది. కాస్త తక్కువైతే మరలో పడగానే విరిగి నూకైపోతుంది. ఎప్పుడు ఆపాలో చెప్పేది డ్రయ్యరు మేస్త్రీ గుత్తుల తాతబ్బాయి. గుప్పెడు ధాన్యం తీసి, ఒక గింజ పంటి కింద పెట్టి, కళ్లు మూసుకుని కొరుకుతాడు. ఆ చప్పుడు విని, "ఇంకో అరగంట పోనివ్వండి" అంటాడు, లేదా "దింపేయండి" అంటాడు. ముప్పై నాలుగేళ్లుగా ఆ పన్ను తప్పు చెప్పిన రోజు లేదు.

షెడ్డులో బిగించిన సెన్సర్లలో పదకొండు రెండు రోజులకే కన్నుమూశాయి. ఊక దుమ్ము, ఆవిరి, వేడి. కంపెనీవాడికి ఫోన్ చేస్తే గ్యారంటీ కార్డు చదవమన్నాడు. చదివాను. "ఈ తేమ సెన్సరును తేమ తగలని ప్రదేశమున ఉంచవలెను" అని ఉంది.

చచ్చినవాటి బదులు మళ్లీ పదకొండు కొని, అన్నిటినీ తీసుకెళ్లి ఓనరు గారి ఏసీ గదిలో గోడకి వరసగా బిగించాం. వాటికి మనుషుల రాకపోకలు కూడా పడవని కార్డులో ఉండటంతో బుల్లిరెడ్డి గారు వరండాలో బల్ల మీదికి మారారు. ఏసీ గదిలో తేమ ఎంతో తేమ సెన్సర్లన్నీ పైకి పంపేవి. మా మిల్లు ధాన్యం ఇంత అద్భుతంగా ఆరుతోందేమిటని జిల్లా కేంద్రం నుంచి అభినందన పత్రం కూడా వచ్చింది.

కార్తీకమాసంలో కొత్త ధాన్యం లారీలు వచ్చి గేటు ముందు నిలబడ్డ రోజునే జిల్లా సెన్సర్ సాంద్రతాధికారి పరాంకుశం గారు తనిఖీకి వచ్చారు. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటారు. ఇంట్లో భార్యని ఉప్మా అడగాలన్నా సూచిక సంఖ్య వేస్తారని వినికిడి. ఏసీ గదిలో సెన్సర్లు లెక్కబెట్టారు. ఫ్లాస్కు లెక్కబెట్టారు. ఓనరు గారి ఖాళీ కుర్చీ వంచి కింద చూశారు.

"నూట ఇరవై ఐదు మాత్రమే గమనించడమైనది" అన్నారు.

"ఒక్కటి దొరకలేదండి. రాష్ట్రం మొత్తం మీద స్టాకు లేదంట" అన్నారు బుల్లిరెడ్డి గారు.

"అట్టి కొరత మార్కెట్ అభివృద్ధికి నిదర్శనము. అది సంతోషకరము. అయినను లైసెన్సు ఇవ్వజాలము."

అంతలో ఆయన చూపు షెడ్డు మీద పడింది. తాతబ్బాయి కళ్లు మూసుకుని గింజ కొరుకుతున్నాడు.

"ఆ వ్యక్తి ఏమి భుజించుచున్నాడు?"

"తేమ చూస్తున్నాడండి" అన్నాను.

పరాంకుశం గారి మొహం మాడిపోయింది. "సెన్సర్లు అమర్చబడిన పిమ్మట కూడా నోటితోనా? పద్నాలుగో నిబంధన ప్రకారము అట్టి వ్యక్తిని వెంటనే తొలగించవలెను. లేనియెడల బాయిలరునకు సీలు."

తాతబ్బాయి నోట్లో గింజ అలాగే ఉండిపోయింది. "ఏవండి సుగుణమ్మ గారూ, తీసేత్తారాండి నన్ను?" అన్నాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి. ఆ పని తప్ప ఇంకోటి తెలియదు. ఆ పని తెలిసినవాడు ఆయన తప్ప ఇంకొకడు లేడు.

నాకు ఒళ్లు మండింది. ఒళ్లు మండితే నా నోటికి బ్రేకు ఉండదు.

"తీసేయడమేమిటండీ! మీరు లెక్క తప్పారు. మా నూట ఇరవై ఆరో సెన్సర్ ఆయనే. రాసుకోండి" అన్నాను.

బుల్లిరెడ్డి గారు బల్ల మీద నుంచి లేచి నిలబడ్డారు. ఇక మిల్లు మూతే అనుకున్నారు. పరాంకుశం గారు మాత్రం కోప్పడలేదు. సంచిలోంచి జీవో తీసి, కళ్లద్దాలు సర్దుకుని చదివారు. "సెన్సర్ అనగా, పరిసరములందలి భౌతిక స్థితిని గ్రహించి, దానిని సంకేతరూపమున వెలువరించునది." చదివి, తాతబ్బాయి వంక చూశారు. మళ్లీ చదివారు. జిల్లా లక్ష్యానికి ఆయనకి ఇంకా తొమ్మిది వందల సెన్సర్లు తక్కువున్నాయని తర్వాత తెలిసింది.

"ప్రాణముండరాదని ఎక్కడను పేర్కొనబడలేదు" అన్నారు నెమ్మదిగా. ఫారం తీశారు.

"తయారీ సంవత్సరము?"

"పంతొమ్మిదొందల అరవై ఆరండి. కృష్ణాష్టమి ఎల్లిన మూడోరోజని మాయమ్మ చెప్పేదండి."

"తయారీదారు?"

"గుత్తుల సత్తియ్యండి. మా నాన్న."

"ప్రస్తుతము మనుగడలో ఉన్నారా?"

"లేరండి. కాలం చేసేరు."

పరాంకుశం గారు రాసుకున్నారు. "విడిభాగములు దొరకవు. కావున అతిజాగ్రత్తగా వాడవలెను. విద్యుత్ వినియోగము?"

"పొద్దున్న చద్దన్నం ఉల్లిపాయండి. మజ్జానం మామూలు బోజనం. సాయంత్రం టీ."

"మూడు విడతల సరఫరా" అని రాసి, నూట ఇరవై ఆరు అంకె ఉన్న రేకు బిళ్ల ఇచ్చారు. అది పరికరానికి ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉండాలట. తాతబ్బాయి దాన్ని మొలతాడుకి కట్టుకున్నాడు. లైసెన్సు వచ్చింది, లారీలు లోపలికి వచ్చాయి, తాతబ్బాయి ఉద్యోగం నిలిచింది. అందరం నవ్వుకున్నాం. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

వారం తిరక్కుండా "సెన్సర్ల సంరక్షణ నియమావళి" అనే అరవై నాలుగు పేజీల పుస్తకం వచ్చింది. ఏసీ గదిలోనో, కుర్చీ కిందో ఊరికే కూర్చున్న నూట ఇరవై ఐదింటికి అది అవసరం రాలేదు. నిజంగా పనిచేసే సెన్సర్ మా మిల్లులో ఒక్కటే.

మొదటి నియమం: సెన్సర్ ఉన్నచోట ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటరాదు. మా షెడ్డులో శీతాకాలంలో కూడా నలభై ఆరు. దాటితే లైసెన్సు రద్దు. బుల్లిరెడ్డి గారు పరుగున వెళ్లి రెండు పెద్ద కూలర్లు తెచ్చి తాతబ్బాయికి అటొకటి ఇటొకటి పెట్టించారు.

రెండో నియమం: ఎనిమిది గంటలకు మించి నిరంతరాయంగా వాడరాదు. సీజనులో తాతబ్బాయి పద్నాలుగు గంటలు నిలబడేవాడు. ఇప్పుడు సాయంత్రం నాలుగయ్యేసరికి ఓనరు గారే గడియారం చూసుకుంటూ వచ్చి, "తాతబ్బాయ్, ఇంక ఆగవయ్యా, వేడెక్కిపోతావు" అని బతిమాలేవారు. ఆపాక ధాన్యం ఎవరు చూడాలి? తాతబ్బాయి ఇద్దరు కుర్రకారుని పక్కన కూర్చోబెట్టుకుని గింజ కొరకడం నేర్పాడు. ముప్పై నాలుగేళ్లలో ఆయనకి నేర్పే తీరిక దొరకడం అదే మొదలు.

తర్వాతి నియమాలు వరసగా వచ్చిపడ్డాయి. దుమ్ము సోకకుండా తొడుగు ఉండాలి. మూతికి మంచి మాస్కు వచ్చింది. కుదుపులకు, పెద్ద శబ్దాలకు గురిచేయరాదు. బుల్లిరెడ్డి గారి తిట్లు ఆగిపోయాయి. ఏటా నిపుణునిచే సరిచూడవలెను. రాజమండ్రి నుంచి పళ్ల డాక్టరు వచ్చి, రెండేళ్లుగా సలుపుతున్న దవడ పన్ను బాగుచేసి, "పరికరము సవ్యముగా ఉన్నది" అని సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం తాతబ్బాయి ఎడమ దవడతో జంతిక కొరికి, ఆ చప్పుడుకి తనే పకపకా నవ్వాడు.

ఆ నవ్వు చూసి నాకు సంతోషంతోపాటు సిగ్గేసింది. ఆరేళ్ల కింద షెడ్డులో ఒక ఫ్యాను పెట్టించమని ఈయన అడిగితే, అర్జీ రాసింది నేనే. సీజనయ్యాక చూద్దామని ఓనరు గారంటే, దాన్ని ఫైల్లో పెట్టిందీ నేనే. నెత్తిమీద ఫ్యాను తిరుగుతుంటే కూర్చుని పెట్టాను.

సంక్రమించే గుణం జ్వరానికే ఉంటుందనుకుంటాం కానీ హోదాకీ ఉంటుంది. ఒకరోజు బస్తాలు మోసే వీరాస్వామి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"నేను గూడా సెన్సర్నేనండి" అన్నాడు.

"ఏం పసిగడతావు?"

"బస్తా బుజానికెత్తితే చాలండి, ఎన్ని కేజీలు తక్కువుందో చెప్పేత్తాను."

నిజమే. తూకం సెన్సర్. బాయిలరు దగ్గర చినకోటయ్య చప్పుడు విని పీడనం చెప్తాడు. ఊడ్చే మరిడమ్మ గుమ్మంలో నిలబడి ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, ఏ మూట వెనక ఎలక చచ్చిందో చెప్పగలదు. అందరికీ అర్జీలు రాశాను. పరాంకుశం గారు వారానికి రెండుసార్లు ఆనందంగా వచ్చి బిళ్లలు పంచారు. ఫాల్గుణం నాటికి మిల్లులో నలభై ఒక్కమంది సెన్సర్లయ్యారు. షెడ్డుల్లో కూలర్లు, గుమ్మాల్లో మంచినీళ్లు, ఎనిమిది గంటల పని. ఆ సీజనులో మా మిల్లులో నూక సగానికి తగ్గింది. బుల్లిరెడ్డి గారు ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు.

చివరికి నేనూ అర్జీ పెట్టాను. "ఏమి గ్రహించును" అన్నచోట, "ఆఫీసర్ల రాకను ఒకరోజు ముందుగా" అని రాశాను. పరాంకుశం గారు రెండు రోజులు పరీక్షించి మంజూరు చేశారు.

దాంతో ఆయనకొక చిక్కు వచ్చింది. సాంద్రత అంటే సెన్సర్ల సంఖ్యని పనివాళ్ల సంఖ్యతో భాగించాలి. మా మిల్లులో సెన్సర్లు నూట అరవై ఏడు. పనివాళ్లు సున్నా. రాత్రింబవళ్లు ఆలోచించి, కాలేజీలో లెక్కల మాస్టారిని అడిగి, నివేదికలో "అనంతము" అని రాశారు. రాజధానిలో ఆ మాట చూసి గుండెలు పొంగాయట. ప్రపంచంలో ఏ దేశమూ అనంతం దాకా రాలేదు. మంత్రిగారు మా మిల్లుకి జ్ఞాపిక ఇచ్చారు. మిగతా జిల్లాలవాళ్లు బస్సుల్లో వచ్చి మమ్మల్ని చూసి వెళ్లారు. ఇటుక బట్టీలవాళ్లు, జీడిపప్పు ఫ్యాక్టరీలవాళ్లు, రొయ్యల షెడ్లవాళ్లు, అందరూ తమ పనివాళ్లకి బిళ్లలు కట్టించడం మొదలుపెట్టారు.

రెండు నెలలకి కొత్త లెక్క పేపర్లో పడింది. రాష్ట్రంలో సెన్సర్ల సంఖ్య నలభై రెట్లు పెరిగింది. సెన్సర్ల అమ్మకాలు మాత్రం పూర్తిగా ఆగిపోయాయి. ఇంటిదగ్గర కోడి కూస్తుంటే అలారం గడియారం ఎవరు కొంటారు? కంపెనీలవాళ్లు కట్టగట్టుకుని మంత్రిగారి దగ్గరికి వెళ్లి గొల్లుమన్నారు. మంత్రిగారు వెంటనే సభ పెట్టి, "మనిషి మనిషే! మనిషిని పరికరంగా చూడటం అమానుషం!" అని గర్జించారు. మళ్లీ చప్పట్లు మోగాయి.

వైశాఖం చివర, రెండో పంట దాళవా ధాన్యం జోరుగా వస్తున్న రోజుల్లో, ఉత్తర్వు వచ్చింది. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. షెడ్డులో కూలర్లు గుర్రుగుర్రుమంటున్నాయి. ఉత్తర్వు పట్టుకుని నేనే తాతబ్బాయి దగ్గరికి వెళ్లాను.

"ఏం రాసేరండి?" అన్నాడు.

చదివాను. "ఫ్యాక్టరీలలో పనిచేయు మనుషులకు తెలియజేయునది. సెన్సర్లుగా నమోదైన మనుషులందరును వచ్చే పదిహేనవ తేదీ నుండి తిరిగి మనుషులుగా పరిగణింపబడుదురు. వారికి సెన్సర్ హోదాలో కల్పించిన చల్లదనపు యంత్రములు, తొడుగులు, పని గంటల పరిమితి, వార్షిక పరీక్ష మొదలగునవి ఉపసంహరించుకొనవలెను."

తాతబ్బాయికి వెంటనే అర్థం కాలేదు. కూలరు వంక చూశాడు. పక్కన గింజ కొరుకుతున్న కుర్రాళ్ల వంక చూశాడు. తర్వాత మొలతాడుకున్న బిళ్లని పంచె మీద నుంచే చేత్తో అదిమి పట్టుకున్నాడు.

"అంటే మళ్లీ మడిసినా అండి?" అన్నాడు. "నేనేం తప్పు చేసేనండి?"

నా కళ్లు చెమర్చాయి. ఒళ్లూ మండింది. రెండూ ఒకేసారి జరిగితే నేను మంచి ఉత్తరాలు రాస్తాను. ఆఫీసుకి వచ్చి, పరాంకుశం గారి భాషలోనే రాశాను.

"తమరి ఉత్తర్వు అందినది. సదరు ఉత్తర్వు ఫ్యాక్టరీలో పనిచేయు మనుషులనుద్దేశించి ఇవ్వబడినది. తమరి కార్యాలయమే ధ్రువీకరించిన నివేదిక ప్రకారము మా మిల్లులో సెన్సర్లు నూట అరవై ఏడు, మనుషులు సున్నా. మనుషులెవరును లేనందున సదరు ఉత్తర్వును మా మిల్లులో అమలు చేయుటకు వీలుపడదని సవినయముగా మనవి."

బుల్లిరెడ్డి గారు రెండుసార్లు చదివారు. నా మొహం చూశారు. షెడ్డు వైపు చూశారు.

"నూక తగ్గింది కదమ్మా ఈ ఏడు" అని మాత్రం అని, సంతకం పెట్టారు.

పదిహేనో తేదీ వచ్చింది. మిల్లులో నలభై రెండు మందిమీ పొద్దున్నుంచి గేటు వంక చూస్తూనే ఉన్నాం. పరాంకుశం గారు రాలేదు. టపా వచ్చింది. కవరు చింపి, అందరూ వినేలా గట్టిగా చదివాను.

"మీ మిల్లులో మనుషులెవరును లేరన్న వివరణను రికార్డులతో సరిచూడడమైనది. వివరణ సంతృప్తికరముగా ఉన్నది. ఫైలు మూసివేయడమైనది."